ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పొద్దుటి టిఫినుకి ఏ క్యాసరోల్ మంచిది?

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. ఆ రోజు భోజనం గురించి నెల ముందు నుంచే ఫోన్లు నడుస్తాయి. బిర్యానీ ఎవరు తెస్తారు, గులాబ్‌జామూన్ ఎవరు చేస్తారు, టర్కీ పెట్టాలా వద్దా అని ఒకటే చర్చ. శుక్రవారం పొద్దున్న సంగతి మాత్రం గురువారం అర్ధరాత్రి దాకా ఎవరికీ గుర్తు రాదు. అప్పటికి బేస్‌మెంట్‌లో పరుపులు పరిచేసి ఉంటాయి, సింకు నిండా గిన్నెలుంటాయి. తెల్లారేసరికి పన్నెండు మందికి టిఫిను కావాలి.

ఇడ్లీ పెట్టేద్దాం అనుకుంటాం. నాలుగు రేకుల స్టాండులో వాయికి పదహారు. మనిషికి నాలుగు చొప్పున చూసినా మూడు వాయిలు. పైగా నవంబరు చలికి పిండి పొంగాలంటే ఓవెన్‌లో లైటు వేసి పెట్టాలి, ఆ గురువారం ఓవెన్ ఖాళీగా ఎక్కడుంటుంది? దోసెలంటే ఒక మనిషి పొయ్యి దగ్గర నుంచి కదలడానికి లేదు. ఉప్మా కాస్త చల్లారితే గరిటె దిగదు. ఇలాంటి పొద్దున్నలకి అమెరికన్ల ఇళ్లలో చేసుకునేది బ్రేక్‌ఫాస్ట్ క్యాసరోల్. లోతైన ఓవెన్ పళ్లెంలో బ్రెడ్డో బంగాళాదుంపో పరిచి, గుడ్లూ పాలూ గిలక్కొట్టి పోసి, రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న ఓవెన్‌లోకి తోసేస్తారు. అది కాలే గంటలో మనం స్నానం చేసి, కాఫీ పెట్టుకుని, అత్తగారితో నాలుగు మాటలు కూడా మాట్లాడొచ్చు.

చిక్కంతా ఏ క్యాసరోల్ అన్న దగ్గరే. దాదాపు ప్రతి రెసిపీ కింద ‘రాత్రే కలిపి పెట్టుకోవచ్చు’ అని రాసి ఉంటుంది. ఆ మాట అన్నిటికీ ఒకేలా వర్తించదు. రాత్రంతా నానితే బాగుపడేవి కొన్ని, నానినా నానకపోయినా తేడా లేనివి కొన్ని, నానితే పాడయ్యేవి కొన్ని. నేనైతే రుచి కంటే ముందు ఇది చూస్తాను. రెండోది, గుడ్డు తినని వాళ్లు ఎంతమంది. మూడోది, ఎవరు ఎన్నింటికి లేస్తారు. ఈ మూడూ తేలితే ఎంపిక దానంతటదే తేలుతుంది.

బ్రెడ్‌తో చేసేది: స్ట్రాటా

నన్నడిగితే ముందు రోజు రాత్రే చేసి పెట్టడానికి పుట్టింది ఇదే. ఎండు బ్రెడ్ ముక్కలు, వాటి మధ్య వేయించిన కూరలూ చీజూ, పైన గుడ్లూ పాల మిశ్రమం. బ్రెడ్ ఆ పాలని పీల్చుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండటం దీనికి మేలే. అప్పటికప్పుడు కలిపి ఓవెన్‌లో పెడితే పాలు అడుగున చేరి వేరే పొరగా గట్టిపడతాయి, పైన బ్రెడ్ ఎండిపోతుంది.

9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు పళ్లెం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉండేదే. దానికి నా లెక్క ఇది: ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల బ్రెడ్, 8 గుడ్లు, 3 కప్పుల పాలు, 2 కప్పుల తురిమిన చీజ్, వేయించి చల్లార్చిన కూరలు రెండు మూడు కప్పులు. చీజ్‌లోనూ బ్రెడ్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి పాలలో ఒక టీస్పూను ఉప్పు చాలు, సాసేజ్ (మసాలా కలిపిన మాంసం) వేస్తుంటే ముప్పావే వేయండి. పచ్చి గుడ్డు కలిపాక రుచి చూడటానికి ఉండదు, అందుకే కొలిచి వేయడం మంచిది.

బ్రెడ్ విషయంలో పిసినారితనం పనికిరాదు. పిల్లల శాండ్‌విచ్‌లకి తెచ్చే మెత్తటి స్లైసులు తెల్లారేసరికి పేస్టులా అయిపోతాయి. ఫ్రెంచ్ బ్రెడ్డో సోర్‌డోనో తెచ్చి, అంగుళం ముక్కలు కోసి, ఒక పూట గాలికి వదిలేయండి. టైము లేకపోతే 300 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు ఎండబెట్టండి (ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే). తాజా బ్రెడ్‌లో అప్పటికే తేమ ఉంటుంది, ఇంక పాలని ఎక్కడ పీల్చుకుంటుంది?

కూరలకీ అదే సూత్రం. ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, క్యాప్సికం, మష్రూమ్ ఏది వేసినా నీళ్లు ఇంకిపోయేదాకా వేయించాలి. ఫ్రోజెన్ పాలకూర అయితే కరిగాక గుప్పిట్లో పట్టి పిండితే గ్లాసుడు నీళ్లు కారతాయి. అవి పళ్లెంలోకి వెళ్లకూడదు. టొమాటో లోపల వేయకుండా పక్కన పచ్చడిగా పెట్టడం నాకిష్టం. వేయించిన కూర వేడివేడిగా గుడ్లలో కలిపితే గుడ్డు అక్కడికక్కడే ఉడికి తుంపులు తుంపులవుతుంది, పూర్తిగా చల్లారాకే కలపాలి. కొత్తిమీర, మిరియాల పొడి, అర టీస్పూను కారం వేస్తే మనవాళ్ల నోటికి సరిపోతుంది. పసుపు చిటికె మించితే మొత్తం ఆమ్లెట్టు రంగుకి తిరుగుతుంది.

అన్నీ పోశాక ముక్కలన్నీ తడిసేలా అరచేత్తో నెమ్మదిగా అదిమి, పైన ప్లాస్టిక్ కవరు ఆనించి కప్పి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్న పళ్లెం కొంచెం ఒక పక్కకి వంచి చూడండి. మూలకి పాలు జారి చేరకుండా ఉంటే నానినట్టే. ఒక చెంచాడు మూలకి వచ్చినా ఫర్వాలేదు. గుంటలా నిలబడితే ఇంకో నాలుగు ముక్కలు బ్రెడ్ గుచ్చి పావుగంట ఆగండి. తర్వాత ఫాయిల్ కప్పి 350 డిగ్రీల దగ్గర అరగంట, ఫాయిల్ తీసి ఇంకో ఇరవై, ముప్పై నిమిషాలు. అంచులు పొంగి పైన బంగారు రంగు వస్తుంది. మధ్యలో చాకు దించితే పచ్చి పాలు అంటుకోకూడదు. థర్మామీటరు ఉంటే ఇంకా సులువు, నడిమధ్యన 160 డిగ్రీలు చూపించాలి. దించిన వెంటనే కోయకండి, పది నిమిషాలు ఆగితే ముక్క ముక్కగా వస్తుంది.

బంగాళాదుంపది: హ్యాష్ బ్రౌన్ క్యాసరోల్

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలగలిపి చూడకూడదు.

ఒకటి గుడ్లు పోసేది. తురిమిన బంగాళాదుంప అడుగున పరిచి, సాసేజ్, చీజ్ వేసి పది పన్నెండు గుడ్లు పోస్తారు. కడుపు నిండుతుంది, గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) పడని వాళ్లకీ సరిపోతుంది (సాసేజ్ ప్యాకెట్టు మీద ఒకసారి చూసుకుంటే చాలు). రాత్రి నానడం వల్ల మాత్రం దీనికి ఒరిగేదేమీ లేదు. ఇంట్లో దుంపలు తురిమి పెడితే అసలుకే మోసం. పచ్చి తురుము గాలి తగిలి నల్లబడుతుంది, నీళ్లూ వదులుతుంది. దుకాణంలో దొరికే ఫ్రోజెన్ తురుము ముందే కాస్త ఉడికించి ఉంటుంది కాబట్టి రంగు మారదు. అదే వాడండి, కాకపోతే పూర్తిగా కరగనిచ్చి గుడ్డలో వేసి పిండాలి. ఇంత చేసినా స్ట్రాటా ముక్కకి ఉండే మెత్తదనం దీనికి రాదు.

రెండోది గుడ్డు అసలు లేనిది. ఫ్రోజెన్ తురుము, సోర్ క్రీమ్ (పులిసిన మీగడ), చీజ్, వెన్న, డబ్బా క్రీమ్ సూపు కలిపి, పైన నలిపిన కార్న్‌ఫ్లేక్స్ చల్లి బేక్ చేస్తారు. యూటా రాష్ట్రంలో ఎవరైనా పోయినప్పుడు ఆ ఇంటికి చుట్టుపక్కల వాళ్లు వండి పట్టుకెళ్లే వంటకం ఇది, ‘ఫ్యూనరల్ పొటాటోస్’ అన్న పేరు అలాగే వచ్చింది. (పేరు చెప్పి చుట్టాలకి వడ్డించమని నేననను.) గుడ్డు తినని వాళ్లకి వేరే వంట చేసే పని లేకుండా అమెరికన్ వంటల్లోనే దొరికే దారి ఇది. రాత్రే కలిపి పెట్టినా ఏమీ కాదు. కార్న్‌ఫ్లేక్స్ మాత్రం పొద్దున్న ఓవెన్‌లో పెట్టే ముందే చల్లాలి, రాత్రే చల్లితే తడి అట్ట ముక్కల్లా ఉంటాయి.

శాకాహారులకి పెట్టేటప్పుడు లేబుళ్లు చదవాల్సిందే. పాత రెసిపీల్లో ఎక్కువగా ఉండేది చికెన్ క్రీమ్ సూపు. దాని బదులు మష్రూమ్ డబ్బా కొన్నా వెనక ఏముందో చూడండి. కొన్ని బ్రాండ్ల సోర్ క్రీమ్‌లో జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసే జెలటిన్ ఉంటుంది. చీజ్ తయారీలో పాలు విరగడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడేవాళ్లూ ఉన్నారు, పట్టింపు ఉన్నవాళ్లు వెజిటేరియన్ రెన్నెట్ అని రాసి ఉన్నది తెచ్చుకుంటారు. అంత గొడవెందుకనుకుంటే డబ్బా సూపు మానేసి, వెన్నలో రెండు చెంచాల మైదా వేయించి పాలు పోసి చిక్కటి సాస్ మీరే చేసుకోండి, పది నిమిషాల పని.

తీపిది: ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్

నానే విషయంలో ఇది స్ట్రాటాకి చెల్లెలే. బ్రియోష్ లాంటి వెన్న బ్రెడ్, గుడ్లు, పాలు, పంచదార, దాల్చిన చెక్క. యాలకుల పొడి వేస్తే ఇల్లంతా పాయసం వాసన వస్తుంది. పిల్లలు ఎగబడి తింటారు. పెద్దవాళ్లు ఒక ముక్క తిని ‘కారంగా ఏమైనా ఉందా అమ్మా’ అంటారు. షుగరున్న పెద్దవాళ్లకి దీన్ని ముఖ్యమైన టిఫినుగా పెట్టడం న్యాయం కాదు, పైన మేపుల్ సిరప్ కూడా పోస్తారు మరి. పిల్లలు ఆరుగురు దాటితే చిన్న పళ్లెంలో ఒకటి చేయండి. లేకపోతే వదిలేయండి.

రాత్రి పెట్టకూడనివి

బ్రెడ్డూ దుంపా లేకుండా వట్టి గుడ్లూ కూరలతో చేసే ఫ్రిటాటా రకం రాత్రే కలిపితే కూరలు నీరు వదిలి అడుక్కి దిగిపోతాయి. పిండిపదార్థాలు మానేసినవాళ్ల కోసం అదే కావాలంటే, రాత్రి కూరలు వేయించి డబ్బాలో పెట్టి, పొద్దున్న గుడ్లు కొట్టి కలపండి. ఐదు నిమిషాలు ఎక్కువ, అంతే. మఫిన్ ట్రేలో పన్నెండు చిన్న కప్పులుగా పోస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

పైన డబ్బా బిస్కెట్ పిండి ముక్కలు పరిచే రకాలున్నాయి (అమెరికాలో బిస్కెట్ అంటే మెత్తగా పొంగే చిన్న రొట్టె). పిండి తడిలో రాత్రంతా నానితే అందులోని బేకింగ్ పౌడరు సత్తువ ముందే అయిపోతుంది, పొద్దున్నకి పొంగదు, లోపల జిగురుగా ఉండిపోతుంది. ఆ రకాన్ని ఆదివారం తీరిగ్గా చేసుకోండి.

స్లో కుక్కర్‌లో రాత్రి పడుకునే ముందు వేసి పొద్దున్న తినే రెసిపీలు కూడా తిరుగుతుంటాయి. ఓవెన్ పాడైతే తప్ప నేను చెప్పను. ఏడెనిమిది గంటలకి అంచులు మాడి, మూత మీది ఆవిరి నీళ్లు మధ్యలో పడి చిత్తడవుతుంది. ఓవెన్‌కి టైమరు పెట్టి పచ్చి మిశ్రమాన్ని రాత్రంతా లోపలే ఉంచే ఆలోచన అంతకంటే ప్రమాదం. గుడ్డూ పాలూ ఉన్నవి బయట రెండు గంటలు మించి ఉండకూడదు, ఫ్రిజ్ 40 డిగ్రీలు గానీ ఇంకా తక్కువ గానీ ఉండాలి.

పళ్లెం, ముక్కల లెక్క, లేచే టైము

9, 13 అంగుళాల పళ్లెం మూడుకి నాలుగు కోస్తే పన్నెండు ముక్కలు. పక్కన పండ్లూ ఇంకేదైనా ఉంటే పన్నెండు మందికి వస్తుంది, అదొక్కటే అయితే ఎనిమిది మంది అనుకోండి. మనవాళ్లు మొదటిసారి అనుమానంగా అర ముక్క తీసుకుంటారు, బాగుంటే రెండోసారి రెండు తీసుకుంటారు, ఆ లెక్క కూడా వేసుకోవాలి.

ఒక పెద్ద పళ్లెం కన్నా 8 అంగుళాల చదరం పళ్లేలు రెండు మంచివని నా గట్టి నమ్మకం. రెండూ కలిపితే వైశాల్యం పెద్దదానికి కొంచెం ఎక్కువే అవుతుంది, కాబట్టి అవే కొలతలు సరిపోతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు జెట్‌లాగ్‌తో నాలుగింటికే లేచి హాల్లో కూర్చుంటారు, కాలేజీ పిల్లలు పది దాటితే గానీ కిందకి రారు. ఏడింటికి ఒకటి, తొమ్మిదిన్నరకి ఒకటి పెడితే అందరికీ వేడిగా అందుతుంది. చిన్నది నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఒకదానిలో పచ్చిమిర్చి దండిగా, ఇంకోదానిలో కారం లేకుండా చేసుకునే వీలు కూడా ఉంది.

గాజు పళ్లెం వేడిని బాగా నిలుపుకుంటుంది, బల్ల మీద అందంగానూ ఉంటుంది. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మండే ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది. అరగంట బయట ఉంచి, అప్పటికే వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. మెటల్ పళ్లేనికి ఆ భయం లేదు, అడుగు కూడా బాగా ఎర్రబడుతుంది. వాడి పారేసే అల్యూమినియం ట్రేలు కడిగే పని తప్పిస్తాయి గానీ నిండుగా ఉన్నప్పుడు ఎత్తితే మధ్యలో వంగుతాయి, కింద బేకింగ్ షీటు పెట్టుకునే ఎత్తాలి.

ఇండియాలో ఉన్నవాళ్లు చేయాలనుకుంటే 175 డిగ్రీల సెల్సియస్ పెట్టుకోండి. చిన్న ఓటీజీల్లో పెద్ద పళ్లెం పట్టకపోవచ్చు, ముందు లోపలి వెడల్పు టేపుతో కొలవండి. ఎనిమిది అంగుళాల కేకు గిన్నె చాలా వాటిల్లో పడుతుంది. పైరాడ్డు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫాయిల్ ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాలి.

మాంసం సంగతి

పది మంది తెలుగువాళ్లు చేరిన చోట బీఫ్ తినని వాళ్లు, పోర్క్ తినని వాళ్లు, హలాల్ మాత్రమే తినేవాళ్లు అందరూ ఉండొచ్చు. బ్రేక్‌ఫాస్ట్ సాసేజ్ అని రాసి ఉంటే సాధారణంగా అది పోర్కే. టర్కీ, చికెన్ సాసేజ్‌లు దొరుకుతాయి, కానీ వాటి పైతొడుగు పోర్క్‌ది కావచ్చు, అది కూడా చూడాలి. నా మాట వింటే మాంసం లోపల కలపకండి. చికెన్ కీమా వేపుడు విడిగా గిన్నెలో పెట్టండి, కావాల్సినవాళ్లు పైన వేసుకుంటారు. ముందు రోజు మిగిలిన టర్కీ ఉంటే సన్నగా చీల్చి, ఉల్లిపాయ, గరం మసాలాతో వేయిస్తే ఎండిపోయిన ఆ మాంసానికి కూడా గతి దొరుకుతుంది.

మరి ఏది చేయాలి?

అందరూ గుడ్డు తినేవాళ్లైతే ఆలోచించకుండా కూరగాయల స్ట్రాటా. ముగ్గురు నలుగురు తినకపోతే ఒక చిన్న పళ్లెం స్ట్రాటా, ఒకటి గుడ్డు లేని హ్యాష్ బ్రౌన్‌ది. రెండింటికీ 350 డిగ్రీలే కాబట్టి పక్కపక్కనే పెట్టొచ్చు. వడ్డించే గరిటెలు మాత్రం వేర్వేరుగా పెట్టి, ఏది ఏదో చీటీ రాసి అంటించండి. మొహమాటంతో అడగనివాళ్లుంటారు.

సగం మంది పైగా గుడ్డు ముట్టని ఇల్లైతే, లేదా శనివారమని పెద్దవాళ్లు నియమం పాటిస్తుంటే, క్యాసరోల్ అనే పట్టుదల వదిలేయడం నయం. మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు పాళ్లు వేసి, దిబ్బరొట్టె పిండి బుధవారమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నూనె బాగా రాసిన పళ్లెంలో అంగుళం మందాన పోసి, జీలకర్ర, నువ్వులు చల్లి 375 డిగ్రీల ఓవెన్‌లో చాకు శుభ్రంగా బయటికి వచ్చేదాకా కాల్చాలి. గుజరాతీలు హండ్వో (బియ్యం, పప్పుల పిండితో చేసే కారం రొట్టె) ఇలాగే ఓవెన్‌లో చేసుకుంటారు. మందపాటి గిన్నెలో సన్నసెగ మీద కాల్చిన రొట్టెకి వచ్చే ఎర్రటి అడుగు దీనికి అంతగా రాదు. పళ్లెం అడుగున నూనె ముందే వేడి చేసి పిండి పోస్తే కొంత దగ్గరికి వస్తుంది. మెటల్ పళ్లెమే వాడండి, వేడి నూనెలో చల్లటి పిండి పోసే పని గాజుతో వద్దు.

బుధవారం రాత్రే అన్నీ ముగించేయాలనుకునే వాళ్లకి ఒక దారి ఉంది. స్ట్రాటాని ఆ రాత్రే పూర్తిగా కాల్చి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, శుక్రవారం ఫాయిల్ కప్పి మళ్లీ వేడి చేయండి. ఈసారి మధ్యలో 165 డిగ్రీలు రావాలి. కొత్తగా కాల్చినంత పొంగుగా ఉండదు, కానీ పనికి లోటుండదు. పచ్చి మిశ్రమాన్ని రెండు రాత్రులు ఉంచడం కన్నా ఇదే మేలు. మిగిలిన ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటాయి. దూరం వెళ్లాల్సిన వాళ్లకి కట్టి ఇస్తే ఐస్ ప్యాకుతో ఇవ్వండి, లేదా కారెక్కిన రెండు గంటల్లోపే తినేయమని చెప్పండి.